బ్రేకక్క జంట పెడలు

మా డ్రైవింగ్ స్కూల్లో నన్నందరూ బ్రేకక్క అంటారు. మొహం మీద అనరు గానీ, అన్నా నేనేమీ అనుకోను. అది ఊరికే వచ్చిన పేరు కాదు, సంపాదించుకున్నది. నేర్పే కారులో నేర్చుకునేవాళ్ల కాళ్ల కింద ఉన్నట్టే, పక్క సీట్లో కూర్చునే నా కాళ్ల కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. వాళ్లు కంగారులో ఏది తొక్కినా, ఏదీ తొక్కకుండా దేవుడి మీద భారం వేసినా, కారు ఆగాల్సిన చోట ఆగిందంటే అది నా కుడి కాలి పుణ్యమే. ఇన్నేళ్లలో రోడ్డు మీద ఒక్క కుక్కకి కూడా గీత పడనివ్వలేదు.

అలాంటి కాలు పోయినేడాది విరిగింది. ఏ లారీయో గుద్దితే చెప్పుకోవడానికైనా బాగుండేది. అప్పుడే తడిగుడ్డ పెట్టిన స్కూలు మెట్టు మీద జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. లోపల ప్లేటు వేశారు, ఎముక అతుక్కుంది, నడక వచ్చింది. చురుకు మాత్రం రాలేదు. మెదడు తొక్కమన్నాక కాలు ఒక్క క్షణం ఆలోచించి మరీ తొక్కుతోంది. బ్రేకు దగ్గర ఆ క్షణం చాలు, కొంప ముంచడానికి. మా యజమాని మంచివాడే. "కొన్నాళ్లు బోర్డు దగ్గర క్లాసు చెప్పండి మేడమ్" అన్నాడు. ఆ కొన్నాళ్లు ఇంకా అవలేదు.

డ్రమ్ముల దగ్గరికి నన్ను తోసింది కూడా ఆ చీలమండే. వ్యాయామాలు నేర్పే అమ్మాయి పాట పెట్టుకుని కాలు తాటించమంది. ఇంట్లో తాటిస్తుంటే మా ఆయన టీవీ సౌండు పెంచాడు. సరే అని వాళ్లక్క, అంటే మా వదిన, నడిపే లాండ్రీకి వెళ్లాను. లాండ్రీ వెనక గదిలో ఒక డ్రమ్ముల సెట్టు ఖాళీగా పడి ఉంది. వదిన గిటారు వాయిస్తూ పాడుతుంది, లిఫ్టులు బాగుచేసే ఒకాయన బాసు గిటారు వాయిస్తాడు, వాళ్లకి డ్రమ్ములు కొట్టే మనిషి ఎప్పుడో మానేశాడు. నేను స్టూలు మీద కూర్చుని, కాలితో కొట్టే పెద్ద బాస్ డ్రమ్ము పెడలు తాటిస్తుంటే వదిన ముందు గదిలోంచి బట్టల హ్యాంగరుతో సహా వచ్చి నిలబడింది.

"అమ్మాయ్, ఆపకు. చేతులు కూడా కలుపు" అంది.

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మా వదిన విషయంలో ఆ లెక్క తప్పు, ముప్పాతిక. పెళ్లయిన కొత్తలో నేను మడతపెట్టిన చీరలు విప్పి మళ్లీ మడతపెట్టేది. అలాంటి మనిషి నన్ను ఆపకు అనడం అదే మొదటిసారి. ఆరోజు నుంచి ప్లాస్టిక్ కవర్లలో వేలాడే చొక్కాల మధ్య, ఆవిరి వాసనలో, నేను డ్రమ్మరునైపోయాను. చేతులు త్వరగానే కుదిరాయి. మాట వినని కారుని దారిలో పెట్టిన చేతులకి రెండు పుల్లలొక లెక్కా?

చిక్కల్లా వదిన సొంతంగా కట్టిన పాట దగ్గర వచ్చింది. ఉతకడానికి ఇచ్చిన బట్టల జేబుల్లో జనం మరిచిపోయే వస్తువుల మీద పాట అది. బస్సు టిక్కెట్లు, తాళంచెవులు, విరిగిన దువ్వెన, ఎవరికో ఇవ్వబోయి ఇవ్వని ఉంగరం. నవ్విస్తూ మొదలై ఉంగరం దగ్గర ఏడిపిస్తుంది. చివర్లో వాషింగ్ మెషిను బట్టలు పిండినట్టు పాట గిర్రున తిరగాలి. అక్కడ బాస్ డ్రమ్ము ఆగకుండా, అంతకంతకూ వేగంగా మోగాలి. నా కుడి కాలు అక్కడికి చేరేసరికి చేతులెత్తేసేది. వీధి వ్యాపారుల సంఘం వాళ్లు తమ సమావేశంలో మమ్మల్ని వాయించమన్నారు. ఆ రోజు దగ్గరపడుతోంది.

"బేకరీ ఆయన ఉన్నాడు కదా, చిన్నప్పటి నుంచి డ్రమ్ములు కొడతాడట. నీకు కష్టమైతే ఆయన్ని అడుగుతాను" అంది వదిన, చాలా మెత్తగా. ఆమె తిట్టినప్పుడు నాకు భయం లేదు. మెత్తగా మాట్లాడితేనే గుండెల్లో రాయి పడుతుంది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. కారు సీటు పోయినప్పుడు "కొన్నాళ్లే" అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఈ స్టూలు కూడా పోతే ఇక ఏమని చెప్పుకోను? పనికిరాని మనిషినన్న మాట ఎవరూ అనకముందే నా చెవుల్లో మోగడం మొదలైంది.

అప్పుడే లిఫ్టాయన జంట పెడలు సంగతి చెప్పాడు. "ఒక కాలి పని రెండు కాళ్లు పంచుకుంటాయి బ్రేకక్కా. పాట చివర్లో మీకు కావాల్సింది అదే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే క్లాసవగానే వాయిద్యాల షాపుకి పరిగెత్తాను. పరిగెత్తానంటే కుంటుతూనే.

షాపాయనకి ఒక చెవి వినపడదు, అందుకని అందరికీ వినపడేలా మాట్లాడతాడు. జంట పెడళ్లు కింద పరిచి వివరించాడు. కుడి కాలి పెడలు డ్రమ్ముకి బిగించి ఉంటుంది, దాని మీద రెండు గుండుతల కర్రలు. ఎడమ కాలి పెడలు పక్కన విడిగా నేల మీద ఉంటుంది. రెండింటికీ మధ్య ఒక ఇనుప కడ్డీ. ఎడమ కాలు తొక్కితే కడ్డీ తిరిగి రెండో కర్ర కొడుతుంది.

"మొదటిది కాబట్టి మెత్తటిది తీసుకోండి మేడమ్! అడుగున పలక ఉన్నది చూసుకోండి, లేకపోతే జారుతుంది! అన్నింటికన్నా ముఖ్యం కూర్చుని తొక్కి చూడండి!" అని వీధి చివర వరకు వినపడేలా చెప్పాడు.

పెడళ్ల గురించి నాకు చెప్పేవాడా ఇతను? నేను చీర కొంగు దోపి నేల మీద కూర్చుని, ప్రతి కడ్డీ కీలూ పట్టుకుని ఊపి చూశాను. కీళ్లలో వదులుంటే పారేయాలి, కారైనా అంతే. చైనుల మీద వేలు పెట్టి లాగాను. ఆ తర్వాత స్టూలెక్కి ఒక్కోటీ కుడి కాలితో తొక్కాను. మెత్తటిది పాదం కింద ఉందో లేదో తెలియలేదు. నా వృత్తిలో అలాంటి పెడలుంటే ఆ బండి షెడ్డుకి పోవాల్సిందే. మెత్తటి బ్రేకు యముడికి చుట్టం. చివరికి అన్నింటిలోకీ బిగువైనది, తొక్కితే ఎదురు తన్నేది ఒకటి దొరికింది. అబ్బ, ఇదీ పెడలంటే!

"అది చాలా ఏళ్లు వాయించినవాళ్లకి మేడమ్!"

"నేనూ చాలా ఏళ్లు తొక్కినదాన్నే, కట్టివ్వండి" అన్నాను.

ఆ వారమంతా ఆ పెడలు నన్ను తొక్కింది. కుడి కాలు ఇదివరకు పాట చివరిదాకా వచ్చేది, ఇప్పుడు సగంలోనే పిక్క పట్టేసింది. కర్ర డ్రమ్ముకి తగిలి వెనక్కి రావాలి కదా, రాదు. బ్రేకు తొక్కినట్టు తొక్కి అలాగే అదిమిపెట్టేదాన్ని, గండం గడిచేదాకా కాలు తీయడం నాకు అలవాటు లేదు. ఎడమ కాలి పెడలు మరీ బండ, కడ్డీ బరువు కూడా అది మోయాలి. బరువైన పరుపు దులుపుతున్నట్టు బొద్దుబొద్దుమని చప్పుడు.

"పెడలు కొత్తది వదినా, ఇంకా సాగాలి" అన్నాను.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందట" అంది వదిన చొక్కాకి బొత్తాలు పెడుతూ.

లిఫ్టాయన స్పానరు పట్టుకుని వంగాడు. "స్ప్రింగు కొంచెం వదులు చేయనా బ్రేకక్కా?"

"చెయ్యి పెట్టావంటే చూడు!" అని అరిచాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వాదించేవాళ్లని చూసి నేనే నవ్వేదాన్ని. నేను పట్టినదానికి ఒకటే కాలు.

వదిన గిటారు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. నా చీలమండ వైపు చూసింది. సాక్సులోంచి వాపు తెలుస్తోంది.

"బేకరీ ఆయన్ని అడుగుతాను" అంది. ఈసారి "కష్టమైతే" అనలేదు.

"మీ ఇష్టం" అన్నాను. పెడలు విప్పి పెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

తర్వాతి క్లాసులో క్లచ్చు పాఠం. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. బల్ల వెనక కుర్చీలో కూర్చుని, కాళ్లు అందరికీ కనపడేలా పక్కకి తిప్పి, లేని పెడలు మీద ఎడమ కాలు పెట్టాను. "క్లచ్చు తొక్కడం ఎవరికైనా వస్తుంది. వదలడమే విద్య. ఉన్నట్టుండి వదిలితే బండి ఎగిరి ఆగిపోతుంది. మెల్లగా వదులుతూ ఉంటే ఒకచోట ఇంజను అందుకుంటుంది. ఆ చోటు కంటికి కనపడదు, కాలికి తెలుస్తుంది" అని చెప్పాను. ఈ ముక్కలు ఎంతమందికి చెప్పానో! చెప్పి, వాళ్లు రాసుకుంటుంటే నా లోకంలో నేను పడ్డాను. తలలో వదిన పాట తిరుగుతోంది. దువ్వెన, తాళంచెవి, ఉంగరం, ఆ తర్వాత మెషిను.

"మేడమ్, బల్ల అదురుతోంది" అంది ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ.

చూసుకుంటే నా ఎడమ పాదం బల్ల కాలిని తంతోంది. తప్పులేకుండా, వేగంగా, ఒక్కో దెబ్బా విడివిడిగా. కొట్టిన వెంటనే వెనక్కి వస్తోంది. నేనేమీ చేయడం లేదు. ఇన్నేళ్లూ పొద్దస్తమానం తొక్కి వదిలి, తొక్కి వదిలి, అది నేర్చుకున్న విద్య. దానికి ఎవరూ బ్రేకక్క అని పేరు పెట్టలేదు, నేను దాన్నెప్పుడూ మెచ్చుకోలేదు.

అప్పుడు వెలిగింది నాకు. షాపులో ఉన్న ప్రతి పెడలూ తొక్కాను, అన్నీ కుడి కాలితోనే. రెండు కాళ్లకి పెడలు కొనడానికి వెళ్లి, విరిగిన కాలిని సలహా అడిగి వచ్చాను. ఇలాంటి తెలివి ఇంకెవరికైనా ఉంటుందా?

క్లాసు ముగించి, ఇంటికెళ్లి పెడలు పెట్టె చంకన పెట్టుకుని మళ్లీ షాపుకి వెళ్లాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. షాపాయన పెట్టె తెరిచి గీతలేమీ లేవని చూసుకుని తిరిగి తీసుకున్నాడు.

"ఎడమ కాలితో గట్టిగా వాయించాలి. కుడి కాలు అప్పుడప్పుడూ సాయం చేస్తే చాలు. అలాంటిది ఉందా?" అని అతని వినపడే చెవి దగ్గర అడిగాను.

అతను లోపలికి వెళ్లి అటకెక్కాడు. దుమ్ము దులుపుకుంటూ ఒక పెట్టెతో దిగాడు. "ఎడమ కాలివాళ్ల కోసం తెప్పించాను, ఎవరూ అడగలేదు! ఇందులో డ్రమ్ముకి బిగించే పెడలు ఎడమ కాలి కింద ఉంటుంది, కడ్డీ పెడలు కుడి కాలికి!"

స్టూలు మీద కూర్చున్నాను. ఎడమ చెప్పు తీసి పాదం పెట్టాను. స్ప్రింగు మెత్తగా ఉంది. తొక్కితే వెళ్లింది, వదిలితే నా వెంటే వచ్చింది. మధ్యలో ఒకచోట పాదానికి తెలిసింది, ఇక్కడ, అని. తడబడకుండా కొట్టాను. షాపులో గోడలకి వేలాడే గిటార్ల తీగలన్నీ సన్నగా మోగాయి.

"చూశారా!" అన్నాడు షాపాయన. ఈసారి మామూలు గొంతుతోనే అన్నాడు.

కొనేయాలి కదా? నాకు చేతులు రాలేదు. ఆ పెట్టె ఇంటికి తీసుకెళ్లడమంటే, కుడి కాలు ఇక మునుపటిలా అవదని ఒప్పుకోవడం. డాక్టరు చెప్పలేదు, యజమాని చెప్పలేదు, వదిన చెప్పలేదు. అందరూ "కొన్నాళ్లు" అన్నారు, నేనూ ఆ మాటనే పట్టుకుని వేలాడాను. స్టూలు మీద కూర్చుని చెప్పులో ఉన్న కుడి పాదాన్ని వంగి చూశాను. ఎంతమంది పిల్లల తల్లుల్ని, ఎంతమంది భయస్తుల్ని క్షేమంగా ఇంటికి చేర్చిన కాలు అది! పని చేసింది చాలు, ఇక పక్కన కూర్చో అని దానికి నేనే చెప్పాలి. నాకు అలా చెప్పినప్పుడు ఎంత బాధగా ఉందో నాకు తెలుసు కదా. షాపాయన అటువైపు తిరిగి, తుడవాల్సిన అవసరం లేని ఇత్తడి తాళాలని తుడుస్తూ నిలబడ్డాడు.

"కట్టివ్వండి" అన్నాను, ఎడమ చెప్పు తొడుక్కుని.

లాండ్రీకి చేరాక అసలు సంకటం మొదలైంది. ఎడమ కాలు బాస్ డ్రమ్ము మీదికి వస్తే, ఎడమ పక్కన ఉన్న హైహ్యాటు, అంటే కాలితో మూసి తెరిచే జంట తాళాల స్టాండు, కుడి పక్కకి పోవాలి. కుడి పక్కన వదిన ఇస్త్రీ బల్ల ఉంది. ఆ బల్ల కిటికీ కింద నేలకి బిగించి ఉంటుంది. బట్ట మీద మరక మిగిలిందో పోయిందో పగటి వెలుతురులోనే తెలుస్తుందని, లాండ్రీ పెట్టినప్పటి నుంచి వదిన ఆ కిటికీ వదల్లేదు. ఎవరైనా అక్కడ టీ గ్లాసు పెట్టినా ఊరుకోదు.

నేను విషయం చెప్పాను. కాలి సంగతి కూడా చెప్పాను, దాచకుండా. "ఇది ఇంతే వదినా. ఇంతకన్నా బాగవదు. ఎడమ కాలితో అయితే వాయించగలను. కానీ సెట్టు తిప్పాలి, చోటు లేదు. మీరు బేకరీ ఆయన్ని పిలిచి ఉంటే నేనేమీ అనుకోను" అన్నాను. ఇస్త్రీ బల్ల పేరెత్తే ధైర్యం నాకు లేదు.

వదిన బల్ల వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది.

"మా తమ్ముడు నిన్ను కట్టుకున్న రోజే అనుకున్నాను, ఈ పిల్ల వచ్చి నా ఇల్లంతా తలకిందులు చేస్తుందని" అంది. తర్వాత ముందు గదిలో ఉన్న లిఫ్టాయన్ని కేకేసింది. "తమ్ముడూ, ఆ స్పానరు తీసుకురా. ఈ బల్ల బోల్టులు విప్పాలి."

"ఎక్కడికి జరుపుదాం అక్కా?" అన్నాడు లిఫ్టాయన నమ్మలేక.

"ఆ ట్యూబులైటు కిందకి. నా కళ్లింకా బాగానే ఉన్నాయి."

ముగ్గురం కలిసి ఈడ్చాం. బల్ల కింద నేల కొత్తదానిలా తెల్లగా ఉంది, అక్కడే హైహ్యాటు పెట్టాను. కూర్చుని చూస్తే ఇదివరకులా చేతులు ఒకదాని మీదుగా ఒకటి వేయాల్సిన అవసరం కూడా లేదు, కుడి చెయ్యి తిన్నగా తాళాల మీదికే వెళ్లింది. పాట మొదలుపెట్టాం. దువ్వెన దాటింది, తాళంచెవులు దాటాయి, ఉంగరం దగ్గర వదిన గొంతు ఎప్పటిలాగే బొంగురుపోయింది. మెషిను తిరగడం మొదలైంది. ఎడమ కాలు కొడితే కుడి కాలు అందుకుంది, మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. హ్యాంగర్లకి ఉన్న కవర్లన్నీ గలగలలాడాయి. నేను గట్టిగా నవ్వుతున్నానని నాకే ఆలస్యంగా తెలిసింది.

చివరికి వస్తుండగా కుడి కాలు మెల్లగా జారుకుంది. ఎడమ కాలు ఒక్కటే మిగిలింది. వేగం సగానికి పడింది, ఇంకా తగ్గింది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ పెరిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. పుల్లలు కింద పెట్టేశాను.

"ఆపావేంటి?" అంది వదిన.

"కుడిది ఆగిపోయింది వదినా. చివరిదాకా రాలేదు."

"అయితే? మెషిను ఎప్పుడైనా టక్కున ఆగడం చూశావా? అలాగే తగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది. పాట అక్కడిదాకా ఉందని ఇన్నాళ్లూ నాకే తెలియలేదు. ఇంకోసారి వాయించు, ఈసారి మధ్యలో ఏడుపు మొహం పెట్టకు."

నేను పుల్లలు తీసుకోలేదు. అడగాల్సింది అడగకుండా తీసుకోలేకపోయాను. "మరి బేకరీ ఆయన?"

"ఆయన్ని రమ్మన్నాను, వస్తాడు" అంది వదిన గిటారు తీగ సవరిస్తూ. "సమావేశానికి. ముందు వరసలో కూర్చుని వినమన్నాను."

నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. చెమట తుడుచుకుంటున్నట్టు చేతికందిన తువాలు లాగి మొహం అదుముకున్నాను, చాలాసేపు. తీసి చూస్తే అది అప్పుడే ఇస్త్రీ చేసిన కస్టమరు తువాలు. వదిన నా చేతిలోంచి దాన్ని తీసుకుంది, ఉతకాల్సిన కుప్పలో వేసి వచ్చి, "ఊఁ, మొదట్నుంచి" అంది.